పీతల మెట్ల మీద చెక్కజోళ్ళు

తెల్లవారకముందు పీతల మెట్లు ఎక్కకూడదని లిస్బన్‌లో, మా పేటలో, పాలుతాగే పిల్లలకి కూడా తెలుసు. అక్కడ చెక్కజోళ్ళు తిరుగుతాయి. వాటిలో కాళ్ళుండవు.

ఎన్నో తరాల కిందటి పెద్ద భూకంపం నాడు ఫెలిస్మినా అనే ఆవిడ చర్చికి పరిగెడుతూ, జోళ్ళు మర్చిపోయానని వెనక్కి తిరిగిందట. జోళ్ళు దొరికాయేమో గాని, ఆవిడ మాత్రం దొరకలేదు. ఇదంతా మా అమ్మ దియొలిండా చెప్పింది. అమ్మ చేపలమ్మేది కాబట్టి, ఏ మాటకైనా సగానికి బేరమాడి నమ్మండి.

అమ్మ వయసులో ఉన్న రోజుల్లో ఊళ్ళో వట్టికాళ్ళతో తిరగడం నేరం. ఓడలు దిగే పరదేశపు దొరలకి మా ఆడవాళ్ళ పగిలిన మడమలు కనిపిస్తే రాజధాని పరువు పోతుందట! వందల ఏళ్ళుగా రేవులో చేప ఊళ్ళోకి ఎక్కింది ఆ మడమల మీదేనని వాళ్ళకెవరు చెప్తారు? పట్టుబడితే సాయంత్రందాకా స్టేషన్లో కూర్చోబెట్టేవాళ్ళు. ఈలోగా గంపలో సరుకు కుళ్ళిపోయేది.

అలాంటప్పుడు ఎవరిస్తు అనే కొత్త కానిస్టేబుల్ వచ్చాడు. కొండప్రాంతం వాడు. తోడేలుకి భయపడడు గాని దెయ్యమంటే చెమటలు.

“వారం తిరిగేలోగా ఒక్క వట్టికాళ్ళ మనిషినైనా పట్టు. లేదా మీ కొండకి పోయి మేకలు కాచుకో,” అన్నాడు పై ఆఫీసరు.

మొదటి రోజు. వేకువన నాలుగు గంటలు. నది మీంచి పొగమంచు. ఎవరిస్తు బూటుకాలు మొదటి మెట్టు మీద పెట్టాడో లేదో, పైనెక్కడో...

టక్... టక్... టక్.

ఒగరుస్తూ ఎక్కాడు. గంప నెత్తిన పెట్టుకుని ఒకావిడ పోతోంది. కాళ్ళకి చెక్కజోళ్ళు, ఎడమదానికి ఇత్తడి మేకు. తప్పు పట్టడానికేం లేదు.

రెండో రోజు కూడా అంతే. మనిషి మారింది. జోళ్ళు మాత్రం అవే — ఎడమదానికి అదే ఇత్తడి మేకు!

మూడో రోజు ఆలోచించాడు. నా బూట్ల చప్పుడుకే ఆ టక్‌టక్ లేస్తోంది... అంతే, బూట్లు విప్పి చంకన పెట్టుకున్నాడు. పిల్లిలా ఎక్కాడు. పది మెట్లు... ఇరవై... ఎదురుగా ఏదో కదిలింది. లాంతరెత్తాడు.

మా అమ్మ. అప్పటికి పద్దెనిమిదేళ్ళ పిల్ల. సొంతంగా గంపెత్తిన మొదటి రోజు. నెత్తిన గంప నిండా సార్డీన్ చేపలు.

అతను ఆమె కాళ్ళకేసి చూశాడు. వట్టికాళ్ళు.

ఆమె అతని కాళ్ళకేసి చూసింది. అవీ వట్టికాళ్ళే.

“అమ్మాయ్... నిన్ను స్టేషన్‌కి తీసుకుపోవాలి,” అన్నాడు గుసగుసగా.

“పదండి సారూ. ఇద్దరం ఇలాగే పోదాం.”

రాతి చలి కాళ్ళకి ఎక్కి, ఎవరిస్తు గట్టిగా తుమ్మాడు.

టక్... టక్...

మంచులోంచి చెక్కజోళ్ళు దిగుతున్నాయి. కాళ్ళు లేవు. ఒక్కో మెట్టే... వాళ్ళ వైపే.

ఎవరిస్తు మా అమ్మ చెయ్యి పట్టేసుకున్నాడు. “ఎ... ఎవరది?”

“ఫెలిస్మినా.”

“ఏం కావాలట?”

అమ్మకి తన గంప గుర్తొచ్చింది. అతని చంకలోకి చూసింది.

“బూట్లు.”

అతను రెండు చేతులా బూట్లు మెట్టు మీద పెట్టి, శిలువ గుర్తు వేసుకుని, ఒక్క పరుగు తీశాడు.

అప్పుడు మెట్ల పక్కింటి పై కిటికీలోంచి మా కితేరియా పెద్దమ్మ తొంగిచూసింది, చేతిలో తాడు పట్టుకుని. “ఎవర్తివే అది? తుమ్ము విని జోళ్ళు దింపాను. తొడుక్కున్నావా, పైకి లాగెయ్యనా?”

ముగ్గురు ఆడవాళ్ళు, ఒకటే జత. బూట్ల చప్పుడు వినగానే పెద్దమ్మ జోళ్ళు కట్టిన తాడు వదిలేది, మెట్ల మీదున్నావిడ తొడుక్కునేది.

పరిగెత్తిన ఎవరిస్తు తిన్నగా రేవులో ఆఫీసరు ఎదటే పడ్డాడు. ఆ వారం పట్టుబడ్డ వట్టికాళ్ళ మనిషి అతనొక్కడే. ఎలాగైతేనేం, ఒకణ్ణి పట్టించాడు కాబట్టి ఉద్యోగం నిలిచింది.

బూట్లలో గుడ్డలు కుక్కుకుని అమ్మ పాతికేళ్ళు చేపలమ్మింది. తర్వాత అవి నాకొచ్చాయి.

మొన్న మా వీధికి వచ్చిన కొత్త కానిస్టేబుల్ నన్నాపి, గొంతు తగ్గించి అడిగాడు. “పీతల మెట్ల మీద వేకువన బూట్ల చప్పుడుతో పోలీసు దెయ్యం నడుస్తోందట... నిజమేనా అమ్మా?”

“నిజమే నాయనా,” అన్నాను గంప సర్దుకుంటూ. “పాత బూట్లు అరిగిపోయాయట పాపం, కొత్తవి వెతుక్కుంటోంది.”

అతను మెల్లిగా తన కాళ్ళకేసి చూసుకున్నాడు.