మోదుగ రంగు, మిల్లు ఆవిరి

మిర్యాలగూడలో ఆ ఉదయం రామచంద్రయ్య టీ తాగుతూ పెరట్లోకి తొంగిచూశాడు. కూతురు నిత్య పటిక పెట్టి, మోదుగ పూల నీళ్లలో నానేసిన ఉన్ని నూలు డేగిసలో చల్లగా పడి ఉంది. "ఇంట్ల ఉన్ని ఉన్నది, వంటే లేదు" అని ఆయన నెల రోజులుగా వేస్తున్న జోకుకు భార్య ఆండాళు నవ్వడం ఎప్పుడో మానేసింది.

ఆ నూలు మీదే చాలా ఆధారపడి ఉంది. కోదాడలో శాలువాలు నేసే ఉప్పలమ్మకు సాయంత్రం చూపించబోయే ఆ నూలు నచ్చితే నిత్య ఇంట్లోనే రంగుల పని పెట్టుకుంటుంది. నచ్చకపోతే తండ్రి రైస్‌మిల్లు ఆఫీసులో కూర్చుంటుంది. అలసిపోయిన పిల్ల ఇంకా లేవలేదు. పైకి బింకంగా ఉన్నా, తండ్రి మనసు కరిగింది.

"గింత సల్లటి నీళ్లల్ల రంగేడ పడ్తది?" అనుకుని డేగిసను ఆటోలో మిల్లుకు ఎత్తించాడు. వడ్లకు పెట్టినట్టే ఆవిరి గొట్టం పెట్టి కుతకుత ఉడికించాడు. తెడ్డుతో గిరగిరా తిప్పాడు. వెంటనే చన్నీళ్లలో ముంచాడు. ఏళ్ల తరబడి ఉప్పుడు బియ్యం చేసిన చెయ్యి, గింజ చెడనివ్వదు. కానీ ఉన్ని గింజ కాదుగా! పోగులన్నీ ఒకదాన్నొకటి పట్టుకుని, కుంచించుకుపోయి బిగుసుకున్నాయి. మోదుగ కాస్తా మొద్దుగా మారింది.

ఇంటికి తెచ్చేసరికి నిత్య గుమ్మంలోనే ఉంది.

"బాపూ, ఏం జేసినవ్ ఇది?"

"రంగు జర గట్టిగ పడాలని ఆవిరి పెట్టిన బిడ్డా..."

"నా ఆశలే ఆవిరి జేసినవ్! నన్ను మిల్లుల కూసోబెట్టనీకె కావాల్ననే జేసినవ్!"

ఆండాళు వంటింట్లోంచి వచ్చింది. "ఇగ ఎయ్యి, గిప్పుడెయ్యి నీ జోకు."

రామచంద్రయ్య డేగిసను గుమ్మం పక్కన దించాడు. కూతురి చేతుల వైపు చూశాడు. గోళ్ల సందుల్లోకి ఇంకిన నారింజ రంగు. తన చేతుల్లో తౌడు ఇంకినట్టే. అది పనిచేసే చెయ్యి. ఆయన ఇన్నాళ్లూ ఆ చేతులను చూడనేలేదు.

ఫోన్ తీసి ఉప్పలమ్మకు కలిపాడు. "అమ్మా, నేను నిత్య నాయనను. బిడ్డ మంచిగనే జేసింది, నేనే కరాబు జేసిన. తప్పు నాది. ఆమె పని సూడకుండ మాత్రం కాదనకు."

"అట్లాగేనండీ, ఆదివారం తీసుకురమ్మనండి," అంది ఉప్పలమ్మ. "మీరు మాత్రం చెయ్యి పెట్టమాకండి!"

నిత్య కళ్లు తుడుచుకుంది. "ఇంకో కట్ట ఉన్నది బాపూ. పూలు గూడ ఉన్నయి. ఈసారి ఇంకా మంచిగ తీస్త, సూడు."

"నేనేం జెయ్యాలె మరి?"

"సన్న మంట పెట్టాలె. మరగనియ్యొద్దు, తిప్పొద్దు. నీళ్లు వాటంతటవే సల్లారాలె."

"అంటే ఊకె కూసోవాల్నా?"

"ఆ. నా పక్కన."

రామచంద్రయ్య పొయ్యి ముందు పీట వేసుకున్నాడు. మిల్లు నుంచి ఫోన్ మోగింది.

"ఇయ్యాల రాను," అన్నాడు. "నా బిడ్డ దగ్గర పని నేర్సుకుంటున్న."