అర్థంకాని లైను దాటేస్తే

“గున్నేశ్వరరావు గారూ! పదో కాలువ ఏదండీ?”

నాతో పనిచేసే రామతులసి అలా అడిగేసరికి స్క్రీన్ మీదికి వంగాను. ఎనభై ఎనిమిదిలో, రాజమండ్రిలోని మా కంప్యూటర్ సెంటర్‌కి ఉన్నది ఒక్కటే మిషను. కాలువల నీళ్ళ వంతులు చూపించే ప్రోగ్రాం నాలుగింటికల్లా ఇంజనీరు గారికి చూపించాలి. అప్పటికే మూడు దాటింది. పదకొండు కాలువలకి స్క్రీన్ మీద పదే ఉన్నాయి.

“లిస్టులో దానికి మీరు టైపు చేసిన లైను సగమే ఉందండి. మీ ప్రోగ్రాం అది అర్థంకాక దాటేసింది. పైగా అంతా ఓకే అంటోంది!”

ఒక్కో కాలువకి ఒక్కో ప్రోగ్రాం ముక్క రాశాం. ఏయే ముక్కలు కలపాలో లిస్టు చదివి కలిపేసే ప్రోగ్రాం నాది.

“చిన్న తప్పుకి పనంతా ఆపడం ఎందుకనండి...” నసిగాను.

“ఆ కాలువ కింద చేలకి మీరెళ్ళి నీళ్ళు తోడతారేంటి?”

పనిలో పడ్డాను. నా కంగారులో ఇంజనీరు గారి భయం సగమే. మర్నాడు తణుకు నుంచి పెళ్ళివారు తులసిని చూడ్డానికొస్తున్నారు. పొద్దున తనే చెప్పి, “మీరేమంటారు?” అని అడిగింది. రెండేళ్ళుగా ఆమె మీదే ప్రాణం పెట్టుకున్న నేను, “మంచిదే కదండీ” అన్నాను. ఛీ, ఈ మర్యాద నా కొంప ముంచేలా ఉంది!

తప్పు లైను దగ్గర ఆగి, దాని నంబరు చెప్పేలా ప్రోగ్రాంని మార్చాను. నడిపి చూస్తే అక్కడే ఆగింది. లైను సరిచేశాక పదకొండు కాలువలూ వచ్చాయి. ఇంజనీరు గారు చూసి, తలూపి వెళ్ళారు.

“మిషనుకైతే దాచకుండా చెప్పడం నేర్పారు,” అంది తులసి బ్యాగు తీసుకుంటూ. కళ్ళనిండా నీళ్ళు.

“పొద్దున అబద్ధం చెప్పానండి. మీరంటే నాకిష్టం. రేపటి సంగతి తలుచుకుంటే అన్నం సయించట్లేదు.”

“నాతో అంటే ఏం లాభం? నాన్నగారు కింద ఉన్నారు.”

మెట్లు దిగాను. తులసి నాన్నగారు జగన్నాథరావు గారు స్కూటరు మీద కూర్చుని ఉన్నారు. ఎలా చెప్పానో నాకే తెలియదు గానీ, చెప్పేశాను.

ఆయన నన్ను ఎగాదిగా చూశారు. “మరి తణుకు వాళ్ళకేం చెప్పమంటావయ్యా?”

“రావద్దని చెప్పండి.”

ఆయన మెట్ల మీదున్న కూతుర్ని చూశారు. ఆమె తల దించుకుని నవ్వుతోంది.

“ఎక్కు,” అన్నారు స్కూటరు స్టార్ట్ చేస్తూ. “పోస్టాఫీసు మూసేస్తారు. తణుకుకి ట్రంకాల్ బుక్ చేద్దాం. ఆ మాటేదో వాళ్ళకి నువ్వే చెబుదువుగాని.”