చెంప మీద లక్క

"నలభై రెండు పేర్లు," అన్నాడు చైనా గూఢచారి శాఖ చీఫ్ గువో. "జపాన్ వాళ్ళ దగ్గర పనిచేస్తూ మనకి కబుర్లు పంపే మనుషులు. ఆ జాబితా మొన్న మన సేఫ్‌లోంచి పోయింది. ఇవాళ సాయంత్రం నాలుగూ ఇరవై రైల్లో ఈ బేపింగ్ ఊరు దాటుతోంది. దాటిందా, ఆ నలభై రెండు మందీ రేపటికి ఉండరు."

ఏజెంట్ షెన్ సిగరెట్ ఆర్పాడు. "పట్టుకెళ్ళేదెవరు?"

"ఇనోసె. పాత సామాన్ల వర్తకుడి వేషంలో ఉన్నాడు. పన్నెండు ఎర్ర లక్క పెట్టెలు కొన్నాడు. ఎలుక నుంచి పంది దాకా, మన పంచాంగంలో ఏడాదికో జంతువు చొప్పున మూతల మీద చెక్కారు. ఇత్తడి తాళాలు కూడా ఆ జంతువుల ఆకారాలే. జాబితాని పట్టుగుడ్డ మీద రాసి, ఒక పెట్టె అడుగున పరిచి, పైన నల్ల లక్క పూశారట. ఏ పెట్టో తెలీదు. వాడికి జపాన్ రాయబారి ఇచ్చిన పాస్ ఉంది. ఆ పాస్ ఉంటే స్టేషన్‌లో మనం ఒక్క పెట్టే తెరవగలం."

"మన సేఫ్ తీసిందెవరు?"

"తాళంచెవులు రెండే. ఒకటి నీ దగ్గర, ఇంకోటి రువాన్ దగ్గర."

ఆ పేరు వినగానే షెన్‌కి ప్రాణం లేచొచ్చింది. రువాన్ వచ్చి ఆరు నెలలు. ఇరవై ఆరేళ్ళు, బుగ్గన సొట్ట. షెన్ కడుపుమంటకి ఆ సొట్టే కారణం. మాన్లి అనే పాటగత్తె జపాన్ ఆఫీసర్లకి పాడుతూ, వాళ్ళ రహస్యాలు మనకి, మన రహస్యాలు వాళ్ళకి అమ్ముతుందని అందరికీ అనుమానమే. అయినా ఆమె తెచ్చే వార్తలు కావాలి. రెండేళ్ళు ఆమెని కలిసింది షెన్. వెళ్ళినప్పుడల్లా పాకం పట్టిన సాన్‌జా పళ్ళు తీసుకెళ్ళాడు. ఆమె పళ్ళు తింది, థాంక్స్ చెప్పింది. రువాన్‌ని చూసిన మొదటి రోజే పగలబడి నవ్వింది. ఆ నవ్వు తల్చుకుంటే షెన్‌కి ఇప్పటికీ అన్నం సయించదు.

"వాడేనని తేలితే?" అడిగాడు.

"నాలుగింటికి కాల్చేస్తాం."

మధ్యాహ్నం మూడింటికి షెన్ షాంఘై షావుకారు వేషంలో, బంగారు ఫ్రేము కళ్ళద్దాలతో వెన్ మేస్త్రీ పనిశాలలో ఉన్నాడు. ముసలాయన తల ఎత్తకుండా లక్క పెట్టె మూత మీద నెమలి ఈకలు చెక్కుతున్నాడు.

"కొత్తగా లక్క పూసిన పెట్టెని ఎలా కనిపెట్టాలి మేస్త్రీ గారూ?"

"పచ్చి లక్కంటే చెట్టు పాలు బాబూ. ఎండకి ఆరదు. తేమ తగిల్తేనే గట్టిపడేది. ఈ ఊళ్ళో రెండు నెలలుగా చినుకుందా? పూసినవాడు తడిగుడ్డ చుట్టి పెట్టాల్సిందే."

"మరి పూసినవాణ్ణి?"

"అది మరీ సులువు. అలవాటు లేని ఒంటికి పచ్చి లక్క తగిలితే రెండో రోజుకల్లా వాచిపోతుంది, బొబ్బలు."

"మీకేం కాలేదే?"

"లక్క పీపాల మధ్య పుట్టినోణ్ణి. నన్నేం చేస్తుంది?"

షెన్ ఆఫీసుకి పరుగులాంటి నడకతో వచ్చాడు. రువాన్ మెడకి, చెంపకి కలిపి ఉన్ని మఫ్లర్ చుట్టుకుని కూర్చున్నాడు. బయట ఎండ మండిపోతోంది.

"చలేస్తోందా తమ్ముడూ?"

"పన్ను నొప్పి అన్నా."

షెన్ మఫ్లర్ లాగేశాడు. జీడి సొన తగిలినట్టు చెంప ఎర్రగా పొక్కి ఉంది. ఆ సొట్ట వాపులో కలిసిపోయింది. ఉద్యోగంలో చేరాక షెన్ ఇంత సంతోషపడింది లేదు. బేడీలు తనే తెచ్చాడు, తనే వేశాడు. వేస్తున్నప్పుడు రువాన్ చేతులు చూశాడు.

చేతులు తెల్లగా, శుభ్రంగా ఉన్నాయి. ఒక్క దద్దురు లేదు.

చూడకుండా ఉంటే బాగుండేదనిపించింది. మళ్ళీ చెంప చూశాడు. ఆ ఎరుపు నాలుగు గీతలుగా ఉంది. నాలుగు వేళ్ళు.

"ఎవరు తాకారు?"

రువాన్ తల దించుకున్నాడు. "మాన్లి. మొన్న మధ్యాహ్నం ఆమె ఇంట్లో నిద్రపట్టేసింది. లేచేసరికి బయటి నుంచి వచ్చి చెంప నిమురుతోంది."

"జేబులో సేఫ్ తాళంచెవి ఉందా అప్పుడు?"

"లేచాక ఉంది." రువాన్ మొహం పాలిపోయింది.

"ఆమె చేతులకేం కాలేదే? నిన్న చూశాను, బాగానే ఉన్నాయి."

"వాళ్ళ నాన్న యాంగ్జౌలో లక్క పనివాడు. చిన్నప్పుడు ఆ పాలల్లోనే ఆడుకునేదట. నీకెప్పుడూ చెప్పలేదా అన్నా?"

రెండేళ్ళలో షెన్ దగ్గర ఆమె వాళ్ళ నాన్న ఊసే ఎత్తలేదు. ఇప్పుడు నోరు మూసుకుంటే చాలు, నాలుగింటికి రువాన్ ఉండడు. గోడ గడియారం మూడున్నర చూపిస్తోంది. షెన్ అసూయపరుడే గానీ హంతకుడు కాడు.

"చీఫ్, వీడు వెధవే గానీ దొంగ కాదు," అని గువో ఎదుటే బేడీలు విప్పాడు.

నాలుగూ పదహారు. కస్టమ్స్ ఆఫీసర్ టోపీ, అతికించిన మీసంతో షెన్ ప్లాట్‌ఫారం మీదికొచ్చాడు. పన్నెండు చెక్క పెట్టెలు వరసగా ఉన్నాయి, ఒక్కోదాని మీద లోపలున్న జంతువు ముద్ర. ఇనోసె పాస్ చూపించాడు. పక్కన ఆకుపచ్చ పట్టు గౌనులో మాన్లి.

"మీసం నప్పలేదు షెన్ గారూ," అంది మెల్లగా.

"ఒక్కటే తెరుస్తారు. తొందరగా," అన్నాడు ఇనోసె.

షెన్ వరస వెంట నడిచాడు. ఎలుక పెట్టె పొడిగా ఉంది. తను పుట్టింది ఎలుక ఏడాదిలో. కుక్క పెట్టె కింద మాత్రం సిమెంటు తడిసింది. రువాన్ పుట్టింది కుక్క ఏడాదిలో. పెట్టె ఎంచడంలోనూ వాడేనా అని షెన్ పళ్ళు కొరికాడు.

"ఇది."

ఇంజను కూత వేసింది. చెక్క పెట్టె మూత ఊడింది. తడిగుడ్డ తీస్తే ఎర్ర లక్కలో బంతితో ఆడే మూడు కుక్కలు. ఫౌంటెన్ పెన్నులో దాచిన సూదితో ఇత్తడి తాళం తీశాడు. లోపల నల్లటి నునుపు, ఎక్కడా అతుకు లేదు. గార్డు పచ్చజెండా ఎత్తాడు. షెన్ బొటనవేలు అడుగున గట్టిగా నొక్కాడు. వేలు దిగబడింది. లాగితే లక్కతో పాటు పట్టుగుడ్డ లేచి వచ్చింది.

ఇనోసె చెయ్యి కోటులోకి పోయేలోపు కూలీల వేషంలో ఉన్న నలుగురు అతని మీద పడ్డారు. మాన్లి పరుగెత్తలేదు. చేతులు తనే చాపింది.

షెన్ ఉండబట్టలేక అడిగాడు. "సేఫ్ తాళంచెవి నా దగ్గరా ఉందిగా. నన్నెందుకు వదిలేశావు?"

"మొదట మీదే కొట్టేద్దామనుకున్నా. దానికి మీతో ఒక మధ్యాహ్నమంతా గడపాలిగా! నా వల్ల కాదనిపించింది."

తిరిగి వస్తుంటే కారులో షెన్ ఒక్కడే వెనక సీట్లో కూర్చున్నాడు. బొటనవేలికి నల్లటి జిగురు ఇంకా అంటుకునే ఉంది. డ్రైవర్ చూపు రోడ్డు మీదే ఉందని చూసుకుని, ఆ వేలు తన చెంప మీద పైనుంచి కిందికి రాసుకున్నాడు.

మూడో రోజుకి చెంప బూరెలా పొంగింది. ఆఫీసంతా చుట్టూ చేరింది.

"ఇదెక్కడిది షెన్?" అన్నాడు చీఫ్.

షెన్ సిగ్గుపడుతున్నట్టు కళ్ళు దించాడు. "మాన్లి."

రువాన్ దగ్గరికొచ్చి ఆ వాపుని శ్రద్ధగా పరిశీలించాడు.

"నిన్ను ఒక్క వేలితోనే తాకిందా అన్నా?"