గాలి నింపకుండా ఆర్పిన లైటు

డిటెక్టివ్ ఆఫీసులో డ్రైవరు కుర్చీ అంచున కూర్చుని మంచినీళ్ల గ్లాసును చేతుల్లో తిప్పుతున్నాడే కాని, ఒక్క గుక్క తాగలేదు. వారం కిందట మెయిన్ రోడ్డు మలుపులో అతను నడుపుతున్న కారు ముందు చక్రం పేలి, బండి గోడకు గుద్దుకుంది. పక్క సీట్లో ఉన్న యజమాని తల్లికి చెయ్యి విరిగింది. చక్రంలో గాలి తగ్గితే స్టీరింగు వెనక పసుపు లైటు వెలుగుతుంది. అది వెలిగినా పట్టించుకోలేదని యజమాని వీధిలో అందరి ముందూ అతన్ని చెంపదెబ్బ కొట్టి, పనిలోంచి తీసేశాడు. లైసెన్సు రద్దు చేయించడానికి రేపు ఫిర్యాదు ఇస్తాడట.

"లైటు వెలగలేదమ్మా. ఒట్టు," అన్నాడు డ్రైవరు.

డిటెక్టివ్ పెన్ను మూత తీసి, మళ్లీ పెట్టింది. పక్కనున్న అసిస్టెంటు ఆవిడకు అక్క కూతురే. పిన్ని అలా పెన్ను మూతతో ఆడుతుంటే లోపల బుర్ర పరుగెడుతోందని ఆమెకు గట్టి నమ్మకం. ఆ ఉదయం కారులో ఏదైనా తేడా కనిపించిందా అని డిటెక్టివ్ అడిగింది. డ్రైవరు తటపటాయించి, సీటు ముందుకు జరిగి ఉందనీ, మోకాళ్లు స్టీరింగుకు తగిలాయనీ చెప్పాడు. ఎవరు జరిపారో అడిగితే మాత్రం తల దించుకున్నాడు.

మెకానిక్ షెడ్డులో కారుకు కొత్త టైరు వేసి ఉంచారు. పేలిన టైరు పక్కభాగం మీద ఎర్రరంగు మరక ఉంది. డిటెక్టివ్ ఒక చక్రంలో గాలి తీయించి కారు నడిపించింది. కాసేపటికి లైటు వెలిగింది. స్టీరింగు కింద ఉన్న బటన్ నొక్కిపట్టగానే టపటపా కొట్టుకుని ఆరిపోయింది. మళ్లీ నడిపినా వెలగలేదు.

గాలి నింపాకే ఆ బటన్ నొక్కాలని మెకానిక్ చెప్పాడు. ముందే నొక్కితే, ఆ తక్కువ గాలే సరైనదని బండి నమ్మేస్తుందట.

సాయంత్రం కారును యజమాని ఇంటి పోర్టికోకి తెచ్చారు, అందరూ అక్కడ చేరారు. యజమాని భార్య గుమ్మం దగ్గర నిలబడింది. తల్లి కట్టు కట్టిన చేతిని ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. పక్కనే పూలమొక్కల గట్టు, దానికి ఎర్రరంగు. గట్టు మూల పెచ్చు ఊడి ఉంది.

"లైటు ఆర్పే బటన్ చూపిస్తారా?" అని డిటెక్టివ్ అడిగింది. యజమాని కారంతా తడిమి చేతులెత్తేశాడు. తామిద్దరూ ఎప్పుడూ వెనక సీట్లోనే కూర్చుంటామని అతని భార్య చెప్పింది.

"ప్రమాదానికి ముందు రోజు సాయంత్రం ఎవరో సీటు ముందుకు లాక్కుని కారు కదిపారు. చక్రం ఈ గట్టుకు గుద్దుకుని గాలి దిగింది. లైటు వెలిగింది. గాలి నింపాక డ్రైవరు బటన్ నొక్కడం వాళ్లు ఇదివరకెప్పుడో చూశారు. లైటు ఆరితే టైరు బాగైపోయినట్టేననుకుని బటన్ నొక్కేశారు, అందుకే మర్నాడు టైరు పేలేదాకా లైటు వెలగలేదు. అలా చూసే వీలు ముందు సీట్లో కూర్చునేవాళ్లకే ఉంటుంది. మనిషి పొట్టి. డ్రైవింగు కొత్త."

యజమాని నవ్వబోయి ఆగిపోయాడు. అతని కళ్లు తల్లి వైపు తిరిగాయి.

"నేనేరా," అంది తల్లి. చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "డ్రైవింగు నేర్చుకుంటానంటే, ఈ వయసులో స్టీరింగేంటమ్మా అని చుట్టాలందరి ముందూ నవ్వావు. అందుకే ఇతని దగ్గర దొంగచాటుగా నేర్చుకున్నా. ఆవేళ ఒక్కదాన్నే తీశాను. అతన్ని కొడుతుంటే చెప్దామనే అనుకున్నా. సిగ్గుతో నోరు పెగల్లేదు."

యజమాని ముఖం నల్లబడిపోయింది. సీటు జరిగి ఉండటం చూడగానే సంగతి తెలిసినా ఎందుకు దాచావని డిటెక్టివ్ డ్రైవర్ని అడిగింది.

"అమ్మగారు సరదాగా కూర్చుని చూసుకున్నారనుకున్నా. గట్టుకు తగిలిందని తెలీదమ్మా. నేర్పుతున్నట్టు ఎవరికీ చెప్పనని మాటిచ్చాను. నేను మాట తప్పకుండానే నిజం బయటపడుతుందని మీ దగ్గరికొచ్చాను."

అసిస్టెంటు మెచ్చుకోలుగా పిన్ని వైపు చూసింది. డిటెక్టివ్ ముఖంలో సంతోషం లేదు. ఆ పెద్దావిణ్ణి విడిగా అడిగి ఉండాల్సిందని ఆమెకు అప్పుడు తోచింది.

యజమాని కారు తాళంచెవి అందిస్తూ, క్షమించమన్నాడు. డ్రైవరు తీసుకోలేదు. తల్లే లేచి, బాగున్న చేత్తో దాన్ని అందుకుని అతని ముందు పట్టింది.

"కోపమా నాయనా?"

"కోపం కాదమ్మా," అన్నాడతను నేల చూస్తూ. "పనిలోంచి తీసేశాక, మీరు పిలుస్తారేమోనని రోజూ గేటు బయట నిలబడ్డాను. మీరు కిటికీలోంచి చూసేవారు. చూసి, కర్టెన్ వేసేసేవారు."

ఆవిడ చాచిన చెయ్యి అలాగే ఉండిపోయింది.