అద్దాల పైట

"ఏం అన్నా, అది ఆడోళ్ళ చాప."

కళ్ళు తెరిచాను. ప్రార్థన మొదలయ్యాక వచ్చి, తలుపు పక్కనే కూర్చుని కళ్ళు మూసుకున్నాను. ఇప్పుడు చూస్తే చుట్టూ ఆడవాళ్ళే. ఆ మాటన్న పాస్టరుగారి కూతురు జయంతి నవ్వు ఆపుకుంటోంది.

ఉరవకొండ దగ్గర సుగాలి తండాలో చిన్న చర్చి అది. మాది తాడిపత్రి. నాయన బండలు పాలిష్ పట్టి నన్ను బి.టెక్. చదివించాడు. తండా పక్క గుట్ట మీద గాలిమరలకు సర్వీసు చేయడం నా ఉద్యోగం.

బయటికి రాగానే జయంతి అవ్వ సోమ్లీబాయి నిలేసింది. "ఆ మిషన్లు తిప్పేది నువ్వేనా? అవి వచ్చినాక మబ్బు నిలబడ్లా. వాన తరిమేటోడికి మా మందిరంలో చాపెందుకు?"

"వాన రాకుంటే అదీ నా తప్పేనా అవ్వా?"

"మరి నాదా?"

అవ్వ అద్దాలు కుట్టిన పాత సుగాలి బట్టలే కట్టేది. బాప్తిస్మం అయింది కదా, తెల్లచీర కట్టమని కొడుకైన పాస్టరుగారు చెప్పి చెప్పి అలసిపోయారు. "దేవుడు గుండె చూస్తాడని నువ్వే చెప్తివి గదరా. పైటతో ఆయనకేం పని?" అనేది. ఆ ఇంట్లో ఆమె మాటే మాట.

నేను ప్రతి ఆదివారం వెళ్ళేవాణ్ణి. దేవుడి కోసమే. జయంతి కోసం కూడా అని ఆయనకే చెప్పుకున్నాను. దాచడమెందుకు.

మే నెలలో ఒక శనివారం, గాలిమర పైన పనిలో ఉండగా ఫోన్ మోగింది.

"శశీ, యాడుండావు?" జయంతి అడిగింది. "అవ్వ తోలుకపోయిన మేకలే ఇంటికొచ్చినాయి. అవ్వ రాలా. పొద్దున గంజి కూడా తాగలేదు. పైనుంచి కనపడతాదేమో చూడు."

చూశాను. గుట్టలు, రాళ్ళు, ఎండిన వాగులు, వంకలు, అంతా ఒకే రంగు. నలభై రెండు డిగ్రీల ఎండలో నీళ్ళు లేకుండా ముసలి ప్రాణం ఎంతసేపు నిలుస్తుంది? ప్రభువా, నువ్వే చూపించు అనుకున్నాను.

తూర్పు వంకలో ఏదో తళుక్కుమంది. ఒకటి కాదు, పది చుక్కలు. ఆగి, మళ్ళీ.

"జయంతీ, అద్దాలు. తూర్పు వంక. ఉరుకు."

"యాడ?" వంకలోకి చేరి రొప్పుతూ అడిగింది. "నాకు తుమ్మచెట్లే కనపడతాండాయి."

"కుడికి రా. ఆ రెండు చెట్లు దాటు. ఇంకొంచెం. అదే, ఆ రాతిగుండు వెనక."

ఫోన్లో రాళ్ళు జారిన చప్పుడు. ఇనుప కమ్మీ మీదికి వంగి చూశాను, గుండు అడ్డమొచ్చింది.

"ఉండాది." జయంతి ఏడ్చేసింది. "కాలు బెణికిందంట. నీళ్ళు తెచ్చేదానికి ఇంతసేపా అని నన్నే తిడతాంది."

కిందికి దిగి నేల మీద కూర్చున్నాక గుర్తొచ్చింది. ఇందాకటి నుంచి జయంతి నన్ను ఒక్కసారి కూడా "అన్నా" అనలేదు.

మరునాడు ఆదివారం ప్రార్థనలో కట్టు కట్టిన కాలుతో, అవే బట్టల్లో, దేవుడు చేసిన మేలుకు సాక్ష్యం చెప్పడానికి లేచింది అవ్వ. పాస్టరుగారు తల వంచుకున్నారు.

"నేనేం సైగ చెయ్యలా. పైటతో ఈగలు తోలుకుంటాంటి. దేవుడు దాన్నే ఈ పిల్లోడికి చూపించినాడు." నా వైపు తిరిగింది. "ఏమప్పా, మా జయంతి మీద నీకు మనసుండాదంట. నిజమేనా?"

చర్చిలో అబద్ధమాడలేను. "నిజమే అవ్వా."

"అయితే పెండ్లినాడు ఆ గాలిమరలన్నీ ఆపు. వాననన్నా రానీ."

"అన్నీ ఆపడం నా చేతిలో లేదు, ఒక్కదాన్ని ఆపగలను అవ్వా."

ఆడవాళ్ళ చాప మీద నుంచి, తలెత్తకుండానే జయంతి అంది.

"ఒక్కటి ఆపితే చాల్లే."