గట్టు మీద కాపలా

గుండ్లకమ్మ నల్లమల దిగి మైదానంలోకి వచ్చే ముందు ఒకచోట రెండు గుట్టల మధ్య నుంచి పారుతుంది. ఆ లోయలో సాయంత్రాలు చూడ్డానికి బాగుంటాయి. గుట్ట వారన నెమళ్ళు తిరుగుతాయి, రెల్లులోంచి కౌజుపిట్టలు లేస్తాయి, మడుగు ఒడ్డున కొంగలు ఒంటికాలి మీద నిలబడి ఉంటాయి. టౌను నుంచి వచ్చినవాళ్ళు బండి ఆపి ఫొటోలు తీసుకుని పోతారు. ఏడుకొండలుకి మాత్రం అటు చూస్తేనే ఒళ్ళు మండేది. ఆ రెల్లులో పగలంతా పడుకుని, చీకటి పడగానే తన వేరుశెనగ చేలోకి దిగే అడవిపందుల సంగతి ఫొటోలు తీసేవాళ్ళకేం తెలుసు?

ఉన్నదే రెండెకరాలు. రెండేళ్ళుగా సరిగ్గా కాయ ఊరే సమయానికి పందులు వచ్చి సాళ్ళకు సాళ్ళు పెకలించి పోతున్నాయి. చేను చుట్టూ పాత చీరలు కట్టాడు. వారం రోజులు భయపడి, తర్వాత చీరలు చింపుకుని మరీ వచ్చాయి. మనిషి అరుపులు రికార్డు చేసిన మైకు పెట్టాడు. ఆ మైకు పక్కనే తవ్వుకుని తిన్నాయి. ఫారెస్టోళ్ళ దగ్గరికెళ్తే, పంది మీద చెయ్యి వేస్తే కేసన్నారు. మరి అది నా పైరు మీద మూతి పెడితే ఏం కేసని అడిగితే ఫారం నింపి ఫొటోలు పెట్టమన్నారు. మూడుసార్లు పెట్టాడు. ఫొటో సరిగ్గా లేదని మూడుసార్లూ తిప్పి పంపారు. చీకట్లో పంది నిలబడి ఫొటో దిగుతుందా!

ఇక మిగిలింది మంచె ఎక్కి కాపలా కాయడమే. పెళ్ళాం మిరపకాయ కోతలకని ముఠాతో సత్తెనపల్లి వైపు వెళ్ళింది, ఉగాదికి గాని రాదు. గుట్ట వైపు మంచె మీద తను కూర్చున్నాడు. ఏటి వైపు మంచె అతని తల్లి అంకమ్మ ఎక్కింది. డెబ్బై దాటిన మనిషి. మంచులో తలకు తుండు చుట్టుకుని తెల్లవార్లూ గరిటెతో స్టీలు పళ్ళెం కొట్టేది. మధ్యమధ్య దగ్గేది. రోజులు గడిచేకొద్దీ పళ్ళెం చప్పుడు తగ్గి దగ్గు చప్పుడు పెరిగింది.

"ఇంటికి పోవే అమ్మా" అంటే వినేది కాదు. "నువ్వొక్కడివి రెండు వైపులా ఎట్టా చూస్తావురా?" అనేది.

ఆ చలికి ఊళ్ళో ముసలమ్మలు ఒకరి తర్వాత ఒకరు పోయారు. సంక్రాంతి తర్వాతే ఐదుగురు. అందుకే ఆ దగ్గు వినపడ్డప్పుడల్లా ఏడుకొండలుకి పందుల మీద, ఆఫీసు మీద, చివరికి తన మీద తనకే కోపం వచ్చేది. పంట సంగతి తర్వాత, ముందు అమ్మను మంచె దించాలి. అంతే అతనికి కావలసింది.

"వెంట్రుకలు చల్లరా" అన్నాడు పక్క చేను గౌస్ బాషా. "పంది నేల వాసన చూసుకుంటా వచ్చిద్ది గదా. ముక్కులోకి వెంట్రుక పోయిందా, మళ్ళీ ఈ దిక్కు చూడదు."

ఏడుకొండలు గోతం పట్టుకుని సెలూన్‌కి పరిగెత్తాడు.

"అయిపోయినయ్ అన్నా" అన్నాడు సెలూన్ అతను, కత్తెర ఆపకుండానే. "నలుగురు ముందే చెప్పి పెట్టుకున్నారు. వచ్చే నెల రా, నీకే ఇస్తా."

చివరికి మనుషుల జుట్టుకి కూడా వరసలో నిలబడాలా? తిట్టుకుంటూ ఏటి దారిన వెనక్కి వస్తుంటే, దినాలు చేసే రేవు దగ్గర బండ కింద కనపడింది. తల్లి పోయిన కొడుకులు పదో రోజున గుండు చేయించుకున్నప్పటి జుట్టు. ఆ చలికాలమంతటిదీ అక్కడే కుప్ప పడి ఉంది. దాని జోలికి ఎవరూ పోరు. ఏడుకొండలు అటూ ఇటూ చూశాడు. ఎక్కడిదైనా జుట్టు జుట్టే కదా అనుకున్నాడు. గోతం నిండా కూరాడు.

సాయంత్రం గట్ల మీద చల్లుతుంటే అంకమ్మ కూడా చెయ్యి వేసింది. పిడికెడు జుట్టు తీసి కళ్ళ దగ్గర పెట్టుకుని చూసింది.

"ఇందులో నువ్వులేందిరా? నల్ల నువ్వులు."

"సెలూన్‌లో ఏముంటయ్యో నాకేం తెలుసు? చల్లవే తొందరగా" అని కసిరాడు. ఆమె చెయ్యి చీరకు రెండుసార్లు తుడుచుకుంది.

ఆ రాత్రి పందులు రాలేదు. మర్నాడూ రాలేదు. పొద్దున వెళ్ళి చూస్తే రెల్లులోంచి వచ్చిన గిట్టల గుర్తులు గట్టుకి ఇరవై అడుగుల దూరంలోనే ఆగి, చెల్లాచెదురుగా వెనక్కి తిరిగి ఉన్నాయి. ఏడుకొండలుకి ప్రాణం లేచొచ్చింది. తల్లిని ఇంటి దగ్గరే పడుకోబెట్టాడు, తనూ పడుకున్నాడు. నెమళ్ళు కూడా అటు రావడం మానేశాయని, పొద్దున్నే అరిచే తీతువు నోరు మూసుకుందని గమనించాడు గాని, మంచిదే, ఆ గోలా తప్పిందనుకున్నాడు.

నాలుగో రోజు గౌస్ బాషా ఎదురొచ్చాడు.

"ఏరా, బుద్ధుందా నీకు? పందులు పోయినాయిగా. ఇంకా మీ అమ్మని ఆ మంచులో ఎందుకు కూర్చోబెడతన్నావ్?"

"అమ్మ ఇంట్లోనే పడుకుంటంది."

"రాత్రి నేను మోటారు వెయ్యడానికి పోతా చూశాను గదరా! గట్టు మీద కూర్చోనుంది. పిలిస్తే పలకలా. తోడుకి ఇంకెవరో ముసలోళ్ళు గూడా ఉన్నారు, నలుగురో ఐదుగురో."

ఏడుకొండలుకి కోపం నెత్తికెక్కింది. తను నిద్రపోగానే ఈమె దొంగచాటుగా పోతోందన్న మాట! ఇంటికెళ్ళి అరిచాడు. అంకమ్మ దగ్గుతూ, గుమ్మం దాటలేదని ఒట్టు పెట్టింది. అతను నమ్మలేదు. ఈ రాత్రి రెడ్‌హ్యాండెడ్‌గా పట్టుకోవాలనుకున్నాడు. ఆమెకంటే ముందే వెళ్ళి ఏటి వైపు మంచె మీద దుప్పటి కప్పుకుని పడుకున్నాడు.

మంచు దిగింది. ముందు గుట్ట కనపడకుండా పోయింది, తర్వాత ఏరు, తర్వాత చేను. కీచురాళ్ళు అరుస్తూ అరుస్తూ ఒక్కసారిగా ఆగిపోయాయి. ఏటి బురద వాసన వచ్చింది. దాని వెనకే ఆముదం వాసన, పాత తలల వాసన.

కింద గట్టు మీద ఏదో కదిలింది.

తెల్లటి చీర. పక్కన ఇంకొకటి. ఆ పక్కన మరొకటి. వరసగా కూర్చుని ఉన్నారు, చేను చుట్టూ... అందరూ వంగి ఉన్నారు. చేతులతో మట్టిని మెల్లగా, పసివాళ్ళ తల నిమిరినట్టు నిమురుతున్నారు. ఒకామె చిటికెడు వెంట్రుకలు తీసి వాసన చూసింది.

"మా పెద్దోడిది..."

"ఇదిగో... నా చిన్నోడిది..."

గుసగుసలు మంచులో తిరుగుతున్నాయి. ఏడుకొండలు దుప్పటి గడ్డం దాకా లాక్కున్నాడు. దిగి పరిగెత్తాలంటే నిచ్చెన వాళ్ళ మధ్యకే ఉంది. ఆ గుసగుసల్లో ఒక గొంతు మాత్రం ఏడుస్తోంది. గట్టు పొడుగునా తడుముకుంటూ, దగ్గరికి... ఇంకా దగ్గరికి...

"నా బిడ్డది లేదే... అందరివీ ఉన్నాయి, నా బిడ్డదే లేదే..."

మంచె కాలికి ఏదో తగిలింది. మంచె ఊగింది. భయమేసిన మనిషి నోట ఏ మాట వస్తుందో అదే వచ్చింది.

"అమ్మా!"

గుసగుసలు ఆగిపోయాయి. గట్టు మీది తలలన్నీ పైకి లేచాయి.

"ఆఁ... వస్తన్నా నాయనా."

నిచ్చెన కిర్రుమంది. ఒక మెట్టు. ఇంకో మెట్టు. ఎక్కుతున్న మనిషి ఆగి, దగ్గింది. ఆ దగ్గు అతనికి తెలుసు. నెల రోజులుగా ప్రతి రాత్రీ విన్న దగ్గు. ఆ భయంలోనే ఏడుకొండలుకి ఏడుపొచ్చింది. వచ్చింది అమ్మే, ఇంకేం ఫర్వాలేదు. కళ్ళు మూసుకున్నాడు. నెత్తి మీద తడి చెయ్యి పడింది. చల్లటి నీళ్ళు చెంపల మీదుగా కారాయి. ఆ తర్వాత ఇంకేదో చల్లగా, సన్నగా, నుదుటి దగ్గర నుంచి వెనక్కి...

మెలకువ వచ్చేసరికి ఎండ మొహం మీద ఉంది. చేను చెక్కు చెదరలేదు. గట్ల మీద ఒక్క వెంట్రుక కూడా లేదు. తల తడుముకున్నాడు. నున్నగా ఉంది. ఎక్కడా గాటు లేదు.

తుండు నెత్తిన కప్పుకుని ఇంటికి పరిగెత్తాడు. పదేళ్ళప్పుడు నాన్న పోతే గుండు చేయించారు. అలాంటి గుండు ఇంకొక్కసారే చేయించుకోవాలి. అది ఎవరికో తలుచుకోకుండా ఉండాలని ఇంకా వేగంగా పరిగెత్తాడు. గుమ్మం ముందు ఆగి, తుండు ముందుకు లాక్కుని తలుపు తోశాడు.

లోపల పొయ్యి మండుతోంది. అంకమ్మ పొయ్యి ముందు కూర్చుని ఉంది. తిరిగి చూసి నవ్వింది.

ఏడుకొండలు గుమ్మంలోనే కూర్చున్నాడు. "అమ్మా, రాత్రి... నిద్ర పట్టిందా?"

"ఎంత హాయిగా పట్టిందిరా! ఇన్నాళ్ళకి." లేచి కంచంలో సద్దన్నం పెట్టి తెచ్చింది. తుండు ఎందుకు కప్పుకున్నావని అడగలేదు. "తిని పడుకో. చేను ఇంక నేను చూసుకుంటాలే."

అతను ముద్ద కలిపాడు. ఆమె ఎదురుగా కూర్చుని వక్క కోసం కొంగు ముడి విప్పింది. ముడిలోంచి అతని జుట్టులాంటిదే నల్లటి పాయ ఒకటి జారి నేల మీద పడింది. దానికి రెండు నువ్వు గింజలు అంటుకుని ఉన్నాయి. అంకమ్మ దాన్ని జాగ్రత్తగా ఏరి, మళ్ళీ ముడిలో పెట్టి కట్టుకుంది.

పచ్చి కట్టెల పొగ ఇల్లంతా నిండింది. ఏడుకొండలు ఉక్కిరిబిక్కిరై దగ్గాడు. ఆమె ఆ పొగలోనే కూర్చుని అతన్నే చూస్తోంది. తను వచ్చినప్పటి నుంచి అమ్మ ఒక్కసారి కూడా దగ్గలేదు.