ముప్పై మీటర్ల ఫొటో

బిజినేపల్లి బస్టాండు దగ్గర బాలస్వామి టీ గ్లాసు అందుకున్నాడు. పన్నెండు దాటి నాలుగు నిమిషాలు. ఎదురుగా ఫొటో స్టూడియో మెట్ల మీద స్టాండుకు బిగించిన డిజిటల్ కెమెరా ఉంది. దాని వెనక మనిషి లేడు. అయినా క్లిక్‌మంది.

పదకొండు నిమిషాల తర్వాత ఒక సోడాబండి వాడు బాలస్వామి పక్కన ఆగి, మెడలో కత్తి దించి, బండి తోసుకుంటూ వెళ్లిపోయాడు. బాలస్వామి ప్రాణం పోవడానికి చాలాసేపు పట్టింది. జనం చుట్టూ చేరి చూశారు.

2009 నవంబరు 16, సోమవారం.

మర్నాడు వనపర్తి గెస్ట్‌హౌస్‌లో చీఫ్ తలుపు గడియ పెట్టి, నల్లటి చిన్న బిళ్లనొకదాన్ని టేబుల్ మీద ఉంచాడు.

"ఏజెంట్ బాసిత్, ఏమిటిది?"

"మెమొరీ కార్డు సార్."

"వైర్‌లెస్ మెమొరీ కార్డు. ఆ కెమెరాలో దొరికింది. ముప్పై మీటర్ల లోపల ఉండి ఫోన్‌తో కెమెరాను నొక్కవచ్చు. ఫొటో పడగానే కార్డు దాన్ని ఫోన్‌కు పంపుతుంది. ఫోన్ దానంతటదే హంతకుడికి చేరవేస్తుంది."

"వాడికి ఎవరి పేరు చెబుతారు?"

"పేరు చెప్పరు. దగ్గర్లోనే తిరుగుతుంటాడు, ఫొటోలో ఎవరుంటే వాళ్లను చంపుతాడు. ఫొటో చూడగానే సిమ్ విరిచేస్తాడు. ఆ తర్వాత వాణ్ణి ఆపడం పంపినవాళ్ల వల్ల కూడా కాదు."

ఇదంతా కక్కిన ఆ హంతకుల ముఠా కొరియర్ పక్క గదిలో ఏడుస్తున్నాడు. అతని చేతివేళ్లకు గోళ్లు లేవు. చీఫ్ ఆ ఏడుపు వినపడనట్టే మాట్లాడాడు.

"తర్వాతి టార్గెట్ శాంతయ్య. మన రాడార్ల కోడ్ రాసిన ఇంజినీర్. గద్వాలలో బాలకిష్టయ్య ఇంట్లో నేతపనివాడిగా దాచాం. హంతకుడికి అతని ముఖం అందిందంటే పని అయిపోయినట్టే. ఈ ఫోన్ తీసుకో. కొరియర్ పాస్‌వర్డ్ కూడా చెప్పాడు, దీంతోనూ వాళ్ల కెమెరాలను నొక్కవచ్చు, ఫొటో దీనికీ వస్తుంది."

"అక్కడ మనవాళ్లెవరున్నారు?"

"ఏజెంట్ వైష్ణవి. ఫారిన్ మ్యాగజైన్ ఫొటోగ్రాఫర్ వేషం. ఇదిగో ఆమె రిపోర్ట్."

'సోమవారం పొద్దుటి నుంచి సాయంత్రం దాకా బాలకిష్టయ్య ఇంట్లోనే ఉన్నాను. మగ్గం ఆడుతూనే ఉంది. అనుమానించదగ్గదేమీ లేదు.'

బాసిత్ దాన్ని రెండుసార్లు చదివాడు. అతను గద్వాలలో పుట్టినవాడు. తల్లి లాల్‌బీ ఇరవై ఏళ్లు నేతవాళ్లకు కండెలు చుట్టింది. ఆమెకు నెలకొక్కటే సెలవు, అమావాస్య. సోమవారం అమావాస్యే. ఆ సంగతి చీఫ్‌కు చెప్పకుండా రిపోర్టు మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఆరేళ్లు తనతో పనిచేసిన బాలస్వామి చావుకు లెక్క తేల్చే పనిని ఇంకొకరి చేతుల్లో పెట్టడం అతనికి ఇష్టం లేకపోయింది.

బుధవారం కల్వకుర్తి బట్టల షాపు గుమాస్తా వేషంలో గద్వాలలో దిగాడు. బాలకిష్టయ్యను పెరట్లోకి పిలిచాడు.

"మామా, సోమవారం మగ్గం నడ్సిందా?"

"అమాసనాడు మగ్గం ముడ్తమా? లాల్‌బీ కొడుకువై నువ్వే గిట్ల అడుగుతవేంది?"

"ఫొటోల మేడం ఉండెనా ఆ రోజు?"

"లేదు. పొద్దుగాల్నే జీపెక్కి పోయింది. యాడికి పోయిందో తెల్వదు."

బాసిత్‌కు తెలుసు. బిజినేపల్లి స్టూడియోకు ముప్పై మీటర్ల లోపలికి పోయింది.

వరండాలో వైష్ణవి నల్ల కళ్లద్దాలు, లిప్‌స్టిక్, ఖరీదైన సెంటుతో కూర్చుని ఉంది. కెమెరా స్టాండు మీద, మగ్గానికి ఎదురుగా ఉంది. ఆమె మాత్రం దానికి దూరంగా, హ్యాండ్‌బ్యాగు ఒళ్లో పెట్టుకుంది.

"ఎర్ర పట్టు ఉందా మేడం?"

"రంగు వెలిసింది," కోడ్ చెప్పి నవ్వింది. అందంగానే నవ్వింది, పాపం.

లోపల శాంతయ్య అన్నం తిని చేయి తుడుచుకుంటూ బయటికి వచ్చాడు. మగ్గానికి ఇంకా మూడడుగుల దూరం. వైష్ణవి చెయ్యి బ్యాగులోకి పోయింది.

"మేడం, కెమెరా అద్దం మీద దారప్పోగు పడ్డట్టుంది," అన్నాడు బాసిత్.

ఆమె విసుగ్గా లేచి వెళ్లి, కళ్లద్దాలు తీసి, వంగి లెన్స్‌లోకి చూసింది. బాసిత్ జేబులో ఉన్న ఫోన్‌ను బొటనవేలితో నొక్కాడు.

క్లిక్.

ఆమె బ్యాగులో ఫోన్ కిర్రుమంది. ఫొటో వెళ్లిపోయింది.

"ఎవరు నొక్కారు?" ఆమె ముఖం పాలిపోయింది.

"నేనే. మామా, శాంతయ్యను లోపలికి తీసుకపో, గడియ పెట్టు."

వైష్ణవి బ్యాగు బోర్లించి ఫోన్ అందుకుంది. హంతకుడి నంబరు డయల్ చేసింది. స్విచాఫ్. మళ్లీ చేసింది. స్విచాఫ్.

"బాసిత్, నన్ను అరెస్ట్ చెయ్. జీప్ తెప్పించు. జైల్లో పడేయ్!"

"పేర్లు చెప్పు."

మూడు పేర్లు, రెండు చిరునామాలు చెప్పింది. ఏడుస్తూ స్పెల్లింగులు కూడా చెప్పింది. బాసిత్ తాపీగా రాసుకున్నాడు.

"అన్నీ చెప్పేశాను! కాపాడు!"

"బాలస్వామి ఫొటో తీసేటప్పుడు, టీ తాగనిద్దామని కూడా నీకు అనిపించలేదా?"

ఆమె మళ్లీ ఆ నంబరే నొక్కింది. వీధిలో కేక వినిపించింది.

"పాత జరీ కొంటం! పాత చీరల జరీ!"

త్రాసు భుజాన వేసుకున్న మనిషి గడపలో నిలబడ్డాడు. వైష్ణవిని చూశాడు. త్రాసు కింద నుంచి పిస్తోలు తీశాడు. బాసిత్ రివాల్వర్ అప్పటికే చేతిలో ఉంది, గురి కుదిరే ఉంది. ముందు పేల్చవచ్చు. పేల్చలేదు. కావాలనే ఆగాడు, అందులో నాకు సందేహం లేదు, అతనికీ లేదు.

వైష్ణవి మగ్గం మీద వెల్లకిలా పడింది. రెండో గుండు బాసిత్‌ది, హంతకుడి నుదుట దిగింది.

సాయంత్రం చీఫ్ వచ్చి శవాలను చూసి, ముక్కుకు కర్చీఫ్ అడ్డం పెట్టుకున్నాడు. లోపల శాంతయ్య బతికున్నందుకు దండం పెడుతున్నాడు.

"డబుల్ ఏజెంట్! ఇప్పుడు ఈమె పేరు మీద ఫైలు తెరవాలి. మనవాళ్లకు ఫొటోలు తీయం కదా, అతికించడానికి ఒక్కటి కూడా లేదు."

బాసిత్ జేబులోంచి ఫోన్ తీసి ఇచ్చాడు.

"ఒకటుంది సార్. కాస్త దగ్గరగా పడింది."